తూము ధనుంజయ్

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద జిరాక్సు దుకాణం నడిపే ధనుంజయ్ ఎవరని అడిగితే పక్క గల్లీవాళ్ళు కూడా తల గోక్కుంటారు. తూము ధనుంజయ్ అంటే మాత్రం అటు వర్ని దాకా, ఇటు నందిపేట్ దాకా తెలియనివాళ్ళు తక్కువ. మనిషి సన్నం, మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. ఎవరు పలకరించినా కాసేపు ఆగి గాని బదులివ్వడు. పెళ్ళైన కొత్తలో భార్య సుమలతకు అనుమానం వచ్చి, మొగుడికి చెవుడేమోనని వెనక నుంచి ఇత్తడి పళ్ళెం కింద పడేసి చూసింది. చెవుడు లేదు. విన్న మాటను లోపల ఒకసారి నానబెట్టుకునే అలవాటు, అంతే.

తూము అంటే కాలువ గట్టుకుండే కన్ను. దాని పలక ఎత్తితే పొలాలకు నీళ్ళు, దించితే ఎండ. ధనుంజయ్ తండ్రి మార్కండేయ ఈ వైపు పొలాలకు పారే పెద్ద కాలువ మీద లష్కరు. గట్టు వెంట సైకిలు తొక్కుకుంటూ పోయి తూములు ఎత్తడం, దించడం ఆయన నౌకరీ. పద్మశాలీల ఇంట పుట్టి కూడా మగ్గం ముట్టలేదు, నీళ్ళ వెంట తిరిగాడు. ఆయనకొక పద్ధతి ఉండేది. నీళ్ళు వదిలిన రోజు, మా దగ్గర దాటినయ్ అని పై ఊళ్ళవాళ్ళు కింది ఊళ్ళకు కబురు చేయాలి. ఆఖరి తూము కింద ఉన్నవాళ్ళు మాత్రం నీళ్ళు అందకపోతేనే కేకెయ్యాలి. అందితే ఊరుకోవాలి. నీళ్ళు పారుతుంటే మడవలు తిప్పుకోవడానికే చేతులు చాలవు, ఇక కబురెవరు మోస్తారు? కాబట్టి ఆఖరు నుంచి కేక రాలేదంటే నీళ్ళు చేరినట్టే. మార్కండేయ బతికినన్నాళ్ళూ ఆ లెక్క మీదే నడిచాడు. అది తప్పలేదు.

కొడుక్కి కాలువ నౌకరీ దొరకలేదు, కంప్యూటరు దొరికింది. ఇంటర్నెట్టును ఇంకా చెక్క అరల మధ్య కూర్చోబెట్టి గంటల చొప్పున అమ్మే కాలంలో, ధనుంజయ్ దుకాణం వెనక గదిలో తనంతట తానే నేర్చుకుని ఒక చిన్న సైటు కట్టాడు. దానికి తూము అని పేరు పెట్టాడు. అదేం పెద్ద మేడ కాదు. తెల్లటి పేజీ, నల్లటి అక్షరాలు. ఒకరు ప్రశ్న వేస్తారు, తెలిసినవాళ్ళు కింద జవాబు రాస్తారు. బీడీల కార్ఖానా ముందు గంపలు దించుకుని వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి గోడు ఒకరు వింటారు చూడండి, అట్లాంటి చోటు. కాకపోతే కూర్చున్నవాళ్ళు ఒకరికొకరు కనిపించరు.

అక్కడ కూడా తండ్రి పద్ధతే పెట్టాడు. పేరుకు ముందు ఊరి పేరు రాయాలి, దొంగ పేర్లు కుదరవు. పై ఊళ్ళవాళ్ళు నీళ్ళు దాటిన సంగతి రాయాలి. ఆఖరు ఊళ్ళవాళ్ళు నీళ్ళు అందకపోతే రాయాలి. వాళ్ళు రాసింది పేజీలో అన్నిటికన్నా పైన నిలబడుతుంది, నీళ్ళు అందేదాకా దాన్ని దాటి ఇంకెవరి మాటా పైకి పోదు. అలా ఒక కేక నెత్తిన నిలబడి ఉంటే పై ఊళ్ళవాళ్ళకు నామోషీ. ఫలానా చోట కాలువలో మోటర్లు వేసి లాగుతున్నారని ఎవరో ఒకరు రాసేవారు. ఆ ఊరివాళ్ళే తలవంపులని మోటర్లు తీయించేవారు. అందరూ అందరికీ తెలిసినవాళ్ళే మరి. మొన్న చావులో పాడె పట్టినవాడు, రేపు పెళ్ళిలో పక్క విస్తరిలో కూర్చునేవాడు. వాడి ముందు దొంగగా ఎవరు నిలబడతారు?

నీళ్ళ ముచ్చట ఒక్కటే కాదు. నందిపేట్‌వాళ్ళు పసుపు ఎంతసేపు ఉడకబెట్టాలో వాదించుకునేవారు. బీడీ పింఛను ఎందుకు ఆగిందో ఆడవాళ్ళు కొడుకులచేత రాయించి అడిగేవారు. డిచ్‌పల్లి యూనివర్సిటీలో సీటు వచ్చిన పిల్లకు మంచి గది ఎక్కడుందని ఒకరు. బోధన్ బాపురావు అయితే చెరుకు తప్ప మరో మాట రాయడు. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక కూడా, ఏ గడ కణుపు కణుపుకూ మొలుస్తుందో రాస్తూనే ఉన్నాడు. కొనేవాడు లేని చెరుకు గురించి ఎందుకయ్యా అని ఎవరో అడిగితే, పోయిన మామ గురించి మాట్లాడుకోమా ఏం అని జవాబు రాశాడు. పాస్‌వర్డు మరిచిపోయినవాళ్ళు ధనుంజయ్‌కే ఫోను చేసేవారు, అందరివీ అతనికి తెలుసు. వర్ని దగ్గరి క్యాంపులో ఉండే రత్తయ్య పాస్‌వర్డు ఆయన పాత ఎద్దు పేరు. సరిచూసుకోవడానికి ఫోన్లో దాన్ని గట్టిగా అరిచి చెప్పేవాడు, క్యాంపంతా వినేట్టు.

రత్తయ్య తాతలు గుంటూరు వైపు నుంచి కాలువ నీళ్ళను వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ భూములు కొన్నవాళ్ళు, అట్లా వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళనే ఇక్కడ క్యాంపులంటారు. వచ్చినవాళ్ళలో ఆలస్యంగా వచ్చారు గనుక కాలువ చివర దొరికింది. కొడుకు లారీ మీద దేశాలు తిరుగుతాడు. సేద్యమంతా కోడలు చెంచులక్ష్మిది. మనిషిని చూస్తే నలుగురిని కసిరి పని చేయించేట్టు ఉంటుంది, చేయిస్తుంది కూడా. కానీ ఫోను చేసి ఎవరినీ ఏదీ అడగదు. మాట్లాడితే బతిమాలినట్టు ఉంటుంది, రాస్తే అడిగినట్టు ఉంటుంది అనేది. తూములో ఆమె రాసేది ఒక్క ముక్కే. "ఆఖరుకి రాలేదు." అది పైన నిలబడేది. మర్నాటికో, ఆ మర్నాటికో నీళ్ళు వచ్చేవి. వచ్చాక ఆమె ఏమీ రాసేది కాదు. పద్ధతి అది.

తర్వాత అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. ఫోన్లలోకి ఆ పెద్ద సైట్లు వచ్చాయి, పేర్లెందుకు, చూడనివాళ్ళెవరు? అక్కడ ఊరి పేరు రాయనక్కర్లేదు, పాస్‌వర్డుకు ఎద్దు పేరు అక్కర్లేదు. ఫొటో పెడితే చాలు, వేలితో తోస్తూ పోతే చాలు. తూము ఆ చిన్న ఫోన్లలో సరిగా పట్టేది కాదు, అక్షరాలు చీమల బారులా కనిపించేవి. దాంట్లోకి ఒక ఫొటో ఎక్కించాలంటే తాతలు దిగిరావాలి. ఎవరూ తగువు పెట్టుకుని పోలేదు, చెప్పి పోలేదు. ఒక్కొక్కరే రావడం మానేశారు. ధనుంజయ్ పొద్దున దుకాణం తెరిచి, దేవుడికి ఊదుబత్తి ముట్టించి, తూము తెరిచి చూసేవాడు. నిన్నటి పేజీయే ఉండేది. మూసేసి జిరాక్సులు తీసుకునేవాడు. బాధగా ఉందా అంటే అదీ చెప్పలేడు. పన్ను పీకే ముందు సూది పొడిస్తే చెంప ఎట్లా ఉంటుంది? తనదే, కానీ తనది కానట్టు. అట్లా ఉండేది.

ఆ రోజుల్లోనే సాయిరాం దుకాణానికి వచ్చాడు. బోధన్‌లో ఫ్లెక్సీలు కొట్టే దుకాణం అతనిది. ఒకప్పుడు తూములో క్రికెట్టు సంగతులు రాసి పెద్దలచేత చీవాట్లు తిన్నవాడు. ఇప్పుడు పెద్ద సైటులో, నిజామాబాద్ పాత పేరు మీద, మన ఇందూరు అని గ్రూపు పెట్టాడు, అందులో లక్ష మంది. పుట్టినరోజులు, పండగ దండాలు, లీడర్ల మెడల్లో పూలదండలు, తప్పిపోయిన బర్రె, దొరికిన తాళాల గుత్తి, అన్నీ అందులోనే. స్టూలు మీద కూర్చుని చాయ్ ఊదుకుంటూ విషయం కదిలించాడు.

"అన్నా, కోపం జేయకు. నీ తూముల రోజుకు నలుగురు గూడ వస్తలేరు. నా దగ్గర లక్ష మంది ఉన్నరు. నిన్ను అడ్మిన్ జేస్త, రైతుల ముచ్చట నువ్వే సూస్కో. గా మూలకు గూసుండి ఎవలకు జెప్తవ్?"

లోపలి గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తున్న సుమలత తల ఎత్తకుండానే అందుకుంది. "లక్ష మంది ఒస్తే పెండ్లిల పప్పు ఖతం అయితది గని, పిల్లగాని మొకం ఎవలు సూస్తరు సాయిరాం?"

"వదినా, నువ్వు గూడ నా గ్రూపులనే ఉన్నవ్. నిన్న సకినాల వీడియోకు దిల్ కొట్టినవ్."

సుమలత కత్తెర ఆగింది. "దిల్ గాదు. ఏలు తగిలింది," అంది, మళ్ళీ ఆకు కత్తిరించుకుంటూ.

ధనుంజయ్ ఆ మాటను లోపల నానబెట్టుకున్నాడు. తూముకు మిగిలినవాళ్ళు కొద్దిమంది, ఆ కొద్దిమందిలో ఎక్కువమంది కాలువ చివరివాళ్ళే. వాళ్ళ కేక వినే మనిషి ఉండాలన్నదే అతని చింత. నలుగురున్న చోట అరిచే కన్నా లక్ష మంది ఉన్న చోట అరిస్తే ఎక్కువ వినిపిస్తుంది గదా. లెక్కకు అది సరిగానే తోచింది. సరేనన్నాడు.

మర్నాడు పేజీ పైన రాసిపెట్టాడు, తూము ఇక నుంచి మన ఇందూరు గ్రూపులో ఉంటుంది, అందరూ అక్కడికి రాగలరు అని. కొత్తగా ఎవరూ రాయకుండా తాళం వేశాడు. చివరి ఊళ్ళవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోను చేసి గ్రూపులోకి ఎట్లా రావాలో చెప్పాడు. రత్తయ్య ఎద్దు పేరు అరవబోతే, ఇగ అది అవసరం లేదు తాతా అన్నాడు. ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు. ఆ పూట సుమలత కోపం మీద కారం రెండింతలు దంచిపోసింది. అతను మంచినీళ్ళు కూడా అడగకుండా పళ్ళెం ఖాళీ చేసి చేయి కడుక్కున్నాడు. ఒక్కసారి ఏడ్చినా అయిపోయేది గదా అని ఆమె అంటే, ఏడుపు రావడం లేదని చెప్పాడు. అబద్ధం కాదు.

యాసంగి పంటకాలం వచ్చింది. నాట్లు పడ్డాయి. కాలువకు వంతుల ప్రకారం నీళ్ళు వదులుతున్నారు. మొదటి వంతులు ఎట్లాగో గడిచాయి. వరి పొట్టకొచ్చే వేళకు మరో వంతు వదిలారు. ఆ పొద్దే గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఎవరో పైనుంచి డ్రోను ఎగరేసి తీశారు. కాలువ నిండా నీళ్ళు, గట్టు మీద తెల్ల కొంగలు, వెనక ఢంఢం అని పాట. నీళ్ళొచ్చినయ్, మన రైతన్న మొకంల నవ్వు అని కింద రాశారు. వేలమంది దండాలు పెట్టారు, దిల్‌లు కొట్టారు. ధనుంజయ్ రోజూ గ్రూపు తెరిచి చూసేవాడు. ఆ వీడియోనే మళ్ళీ మళ్ళీ ఎదురొచ్చేది. కింది ఊళ్ళ నుంచి ఒక్క మాట కనిపించలేదు.

కేక లేదు. కేక లేదంటే నీళ్ళు చేరినట్టే. పుట్టినప్పటి నుంచి విన్న లెక్క అది, నెత్తురులో ఇంకిపోయింది. దాన్ని ఆపి, ఇక్కడ కూడా ఆ లెక్క చెల్లుతుందా అని అడగాలని అతనికి తోచలేదు. ఆ గట్టు మీద పెరిగిన ఇంకెవరికీ తోచేది కాదు.

అక్కడ క్యాంపులోనూ అదే లెక్క నడుస్తోంది. మామ రోజూ కోడలిని అడిగేవాడు, రాశావా అని. రాశానని ఆమె చెప్పేది. అయితే వస్తాయిలే అని ఆయన మంచం మీద అటు తిరిగి పడుకునేవాడు. రాసిన ప్రతిసారీ వచ్చాయి గదా. ఇద్దరూ ఎదురుచూశారు. ఎవరూ గట్టు దిగి పోయి ఎవరినీ నిలదీయలేదు. నేల బీటలు వారింది, బీటల్లోకి చెయ్యి దూరేంతగా. వంతు అయిపోయి కాలువ కట్టేశారు.

వర్ని అవతల ఊళ్ళో, చనిపోయిన సుమలత మేనత్తకు పదోదినం వచ్చింది. భార్యాభర్తలు బస్సెక్కారు. ఎండ చురుక్కుమంటోంది. పై ఊళ్ళ పొలాలు పచ్చగా, నిండుగా ఉన్నాయి. కాలువలో అక్కడక్కడా మోటర్ల పైపులు ఇంకా వేలాడుతున్నాయి. ధనుంజయ్ వాటిని చూశాడు, చూసి ఊరుకున్నాడు. క్యాంపు దగ్గర పడుతుంటే పచ్చదనం పలచబడి, పసుపై, తర్వాత గడ్డివాము రంగులోకి దిగింది. కిటికీ పక్కన కూర్చున్న సుమలత మోచేత్తో పొడిచింది.

"గొర్లు వరిల ఉన్నయ్, సూడు."

మందకు మంద పొలంలో దిగి తింటోంది. ఎవరూ అదిలించడం లేదు. పాలు పట్టకుండానే ఎండిపోయిన వరిని ఇక్కడ గొర్రెలవాళ్ళకు వదిలేస్తారు. కోసినా కూలి గిట్టదు, కనీసం ఎరువన్నా పడుతుందని. అది చెంచులక్ష్మి పొలం. ధనుంజయ్ బస్సు ఆపించాడు. పదోదినానికి ఆలస్యమవుతుందని సుమలత అనలేదు, కొంగు నెత్తిన కప్పుకుని వెనకే దిగింది.

చెంచులక్ష్మి గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి ఉంది. వీళ్ళను చూసి, చుట్టాలను చూసినట్టే పలకరించింది. ఎండలో వచ్చారు, మజ్జిగ తాగి వెళ్ళమంది. అట్లా అని ఇంటివైపు కదలలేదు.

"రాయలేదా అక్కా?" అన్నాడు ధనుంజయ్.

"రాశానండీ. ముందు ఒకసారి రాశాను, మళ్ళీ రాశాను. బీటల ఫొటో కూడా పెట్టాను. మీరు చూసే ఉంటారనుకున్నాం."

"నాకు కనపడలే."

"అదేంటండీ, మనది పైనే ఉంటుంది గదా?"

"గక్కడ ఉండదు అక్కా," అన్నాడు ధనుంజయ్. తన గొంతే తనకు పక్కింట్లోంచి వినిపించినట్టు ఉంది. "గక్కడ ఎక్కువ మంది దేన్ని జూసి నవ్వితే గదే పైకొస్తది."

చెంచులక్ష్మి తన ఫోను తీసి చూపించింది. ఆమె రాసిన మాట అక్కడే ఉంది, మూడు చోట్ల. ఒకదాని కింద ఎవరో పళ్ళు బయటపెట్టి నవ్వే బొమ్మ పెట్టారు. ఇంకొకదాని కింద, అక్కా మీదే ఊరు అని ఒకరు. ఫొటో కింద ఒకాయన శుభోదయం అని పువ్వు పెట్టాడు. ధనుంజయ్ మూడూ చదివి ఫోను తిరిగి ఇచ్చాడు. ఏదో లోపల విరగాలి, ఇప్పుడన్నా విరగాలి అనుకుని చూశాడు. గొర్రెలు నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. సుమలత మాత్రం చెంచులక్ష్మి చేయి పట్టుకుంది. ఇద్దరికీ అంతకుముందు పరిచయం లేదు.

ఏం చేయాలో తోచనివాడు చేతిలో ఉన్నదే చేస్తాడు. ధనుంజయ్ ఫోను తీసి గొర్రెల మందను వీడియో తీశాడు. చెంచులక్ష్మిని అడిగి, ఆమె తల ఊపాక, గ్రూపులో పెట్టాడు. కింద ఆమె మాటే రాశాడు, ఆఖరుకి రాలేదు అని. తర్వాత ఇద్దరూ పదోదినానికి పోయి, ఆలస్యానికి మాటలు పడి, భోజనం చేసి, ఇంటికి వచ్చారు.

అది అంటుకుంది. తెల్లారేసరికి హైదరాబాద్‌వాళ్ళు, దుబాయ్‌లో ఉన్నవాళ్ళు, ఎవరెవరో చూశారు. ఏడ్చే బొమ్మలు వేలకు వేలు. పేర్లు చూస్తూ పోతుంటే ధనుంజయ్‌కు తెలిసినవీ తగిలాయి. కాలువలో మోటర్లు వేసిన పై ఊళ్ళవాళ్ళు కూడా ఏడ్చే బొమ్మలు పెట్టారు. ఒకాయన, అయ్యో రైతన్నా అని పాట కట్టాడు. పాత తూములో అయితే ఆ పేర్ల ముందు ఊళ్ళ పేర్లు ఉండేవి.

సాయిరాం ఆనందం అంతా ఇంతా కాదు. కార్లలో మనుషులను, వాళ్ళతో పాటు ధనుంజయ్‌నూ వెంటేసుకుని క్యాంపుకు పోయాడు. అప్పటికి మంద ఆ పొలం తిని ముందుకు పోయింది. ఫొటోకు మంద కావాలని గొర్రెలాయనను బతిమాలి మళ్ళీ వెనక్కి తోలించారు. మోడు మిగిలిన పొలంలో గొర్రెలు తినడానికి ఏమీ లేక నిలబడి చూశాయి. చెంచులక్ష్మిని వాటి మధ్య నిలబడమన్నారు. ఆమె ఒకసారి నిలబడింది. ఇంకో వైపు నుంచి మళ్ళీ అంటే ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. ఎవరో పెద్దమనిషి నీళ్ళ సంగతి వచ్చే ఏడు చూద్దామని మాట ఇచ్చి పోయాడు.

ఫొటోల కోసం వచ్చిన జనం పోయాక రత్తయ్య మంచం మీద లేచి కూర్చుని ధనుంజయ్‌ను దగ్గరకు పిలిచాడు.

"అబ్బాయ్, నిజం చెప్పు. మీ తూములో అయితే ఇంతమంది చూసేవాళ్ళా?"

"సూడకపోదురు తాతా."

"ఎందరు చూసేవాళ్ళు?"

"మంచిగ నడిసిన దినాలల్ల ముప్పై, నలభై మంది."

రత్తయ్య తల ఆడించాడు. ఆ నలభై మంది వరి పచ్చగా ఉన్నప్పుడు చూసేవాళ్ళని ఆయనా అనలేదు, ఇతనూ అనలేదు. ఇద్దరికీ తెలిసిన మాట నోటితో అనడమెందుకు? ముసలాయన మళ్ళీ అటు తిరిగి పడుకున్నాడు.

వారం తిరగకుండా సాయిరాం దుకాణానికి వచ్చాడు. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు, చాయ్ కూడా వద్దన్నాడు. తూము పేరుకు గిరాకీ వచ్చిందట. ఆ పేరు, పాత రాతలన్నీ తనకిస్తే రైతుల కోసం వేరే పేజీ పెడతానన్నాడు. తూము ధనుంజయ్ పెట్టినది అని పైన ఫొటో కూడా వేయిస్తానన్నాడు. పాపం, అతని మనసులో చెడు లేదు. ఉన్నది ఉన్నట్టు అడిగాడు.

"ఇయ్య," అన్నాడు ధనుంజయ్.

"ఎందుకన్నా? మూతబడ్డదే గద?"

సుమలత చాట మీది తంబాకు వేలితో కుప్ప చేస్తూ ఇటే చూస్తోంది. "ఏమో సాయిరాం. ఇయ్య," అన్నాడు మళ్ళీ. అడ్మిన్ పని కూడా వద్దని అదే నోటితో చెప్పేశాడు. సాయిరాం నొచ్చుకున్నాడు. కానీ పోతూ పోతూ, వదినా సకినాల పిండి ఎంతసేపు నానాలి అని అడిగి మరీ పోయాడు. సుమలత చెప్పింది.

ఆ ఎండాకాలమంతా ధనుంజయ్ దుకాణంలో గిరాకీ లేనప్పుడల్లా తూము పేజీని విప్పి మళ్ళీ కట్టాడు. చిన్న ఫోన్లలో పట్టేట్టు, అక్షరాలు పెద్దగా కనిపించేట్టు, ఫొటో తేలిగ్గా ఎక్కేట్టు. తాళం తీశాడు. పాతవాళ్ళందరికీ కబురు పెట్టాడు. ఒక దినం ఎవరూ రాలేదు. మర్నాడు బోధన్ బాపురావు వచ్చి చెరుకు గడకు చెదలు పట్టకుండా ఏం చేయాలో పొడుగ్గా రాసి పోయాడు, మధ్యలో తూము మూతబడ్డ సంగతే తెలియనట్టు. నందిపేట్ నుంచి ఇద్దరు. ఇంకో నలుగురు వచ్చి చూసి, ఏమీ రాయకుండా పోయారు. చెంచులక్ష్మి రాలేదు. సుమలత, ఎంతమంది అయిందని అడిగేది. చేతి వేళ్ళు చూపించేవాడు. ఆమె నవ్వేది కాదు, ఏడిపించేది కాదు. అయితే ఒక చాయ్ కేట్లీకి సరిపోతరు అనేది.

వానాకాలం వచ్చింది, వానలు మాత్రం సరిగా రాలేదు. నాట్లకు కాలువ విడిచారు. పై ఊరివాడొకడు తూములో రాశాడు, మా దగ్గర దాటినయ్ అని. ఆ తర్వాత పేజీలో ఏమీ లేదు. ధనుంజయ్ ఒక పూట చూశాడు. కేక లేదు. ఈసారి ఊరుకోలేదు. దుకాణం షట్టరు సగం దించి, కాలువ చివరి ఊళ్ళవాళ్ళకు వరసగా ఫోను చేయడం మొదలుపెట్టాడు. నీళ్ళు చేరినయా అని అడగడం, చెప్పింది తానే పేజీలో రాయడం. కొందరు విసుక్కున్నారు. కొందరు ఎత్తలేదు. చెంచులక్ష్మి ఎత్తింది.

"మేం ఈ ఏడు వెయ్యలేదండీ. పొలం కౌలుకిచ్చేశాం. నేను వర్నిలో కుట్టు మిషను పెట్టుకున్నా."

"నీళ్ళు చేరినయా అక్కా?"

"నాకేం తెలుసండీ, ఇప్పుడు ఆయన్నడగాలి." కౌలుదారు నంబరు ఇచ్చింది. ఇచ్చాక కూడా ఫోను పెట్టెయ్యలేదు. మీ ఆవిడ జాకెట్లు ఎవరి దగ్గర కుట్టిస్తుందని అడిగింది. పంపించమంది.

ధనుంజయ్ ఆ నంబరుకు చేశాడు. అవతల గాలి హోరు, ఎవరో దూరంగా ఎడ్లను అదిలిస్తున్న చప్పుడు. కౌలుదారు గొంతు అతను ఎప్పుడూ వినలేదు. ఎవరు మాట్లాడేది, ఆఫీసు నుంచా అని ఆ మనిషే ముందు అడిగాడు.

"కాదు. నిజామాబాద్ నుంచి. జిరాక్సు దుకాణం నాది."

"మరి నీకెందుకు?"

"ఊకెనే. మీ దగ్గరికి నీళ్ళు చేరినయా?"

అవతల గట్టెక్కుతున్న అడుగుల చప్పుడు. బహుశా ఆ మనిషి కాలువ వైపు చూస్తున్నాడు.

"రాలే," అన్నాడు.

ధనుంజయ్ ఫోను చెవికీ భుజానికీ మధ్య అదుముకుని, పేజీ మీద ఆ ఊరి పేరు రాసి, పక్కన రాలే అని రాశాడు. తర్వాత, ఇంకా లైనులోనే ఉన్న ఆ మనిషిని పేరు అడిగాడు.